పిల్లల అనుబంధం, కుటుంబ సంబంధాలు: నల్లజర్ల మెట్ట నుంచి కొల్లేరు వరకు ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పిల్లల అనుబంధం గురించిన ఆధునిక సిద్ధాంతం ఏ చారిత్రక పరిస్థితుల్లో రూపొందిందో వివరించగలుగుతారు.
• తెలుగు బంధుత్వ పదాలను చారిత్రక ఆధారాలుగా చదవగలుగుతారు.
• మెట్ట, డెల్టా, కొల్లేరు ప్రాంతాల్లో పని తీరు మారినప్పుడు పిల్లల పెంపకం ఎలా మారిందో చెప్పగలుగుతారు.
• గల్ఫ్ వలస, చిన్న కుటుంబం పిల్లల అనుబంధంపై చూపిన ప్రభావాన్ని విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

పసిబిడ్డ భయపడినప్పుడు ఎవరి దగ్గరికి పరుగెత్తుతుంది? రాత్రి ఎవరి పక్కన పడుకుంటే దానికి నిద్ర పడుతుంది? ఎవరు ఊరికి వెళితే బెంగ పెట్టుకుంటుంది? ఇవి మనస్తత్వ శాస్త్రం అడిగే ప్రశ్నలు. చరిత్ర విద్యార్థులుగా మీరు వీటికి ఇంకొక ప్రశ్న జోడించాలి. ఆ 'ఎవరు' అనేది కాలాన్ని బట్టి మారిందా? మారితే ఎందుకు మారింది?

తల్లీబిడ్డల ప్రేమ ప్రకృతి సహజమైనది కాబట్టి దానికి చరిత్ర ఉండదని సాధారణంగా అనుకుంటాం. ఎవరినో ఒకరిని అంటిపెట్టుకుని బతకాలనే అవసరం ప్రతి శిశువుకూ పుట్టుకతో వచ్చేదే. అయితే ఆ అవసరాన్ని ఎవరు తీరుస్తారు, ఎంతమంది తీరుస్తారు, ఎంతకాలం దగ్గర ఉంటారు అనేవి మాత్రం పెళ్ళి వయస్సు, భూమి, కూలి పని, చట్టం, వలస వంటి వాటిపై ఆధారపడి ఉంటాయి. వాటన్నిటికీ చరిత్ర ఉంది.

ఈ భాగంలో మనం పరిశీలించే ప్రాంతం నల్లజర్ల చుట్టుపక్కల ఉన్న మెట్ట, దానికి దిగువన తాడేపల్లిగూడెం వైపు డెల్టా, ఏలూరుకు దగ్గర్లోని కొల్లేరు లంకలు. 1925లో కృష్ణా జిల్లాను విడదీసి ఏర్పరచిన పశ్చిమ గోదావరి జిల్లాలో నల్లజర్ల, తాడేపల్లిగూడెం, ఏలూరు కలిసి ఉండేవి. 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నల్లజర్ల తూర్పు గోదావరిలోకి, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోకి, ఏలూరు కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. పాలనాపరమైన హద్దులు మారినా, పెళ్ళి సంబంధాలు, పురుళ్ళు, కూలి పనులు, చిన్న తిరుపతి మొక్కులు ఈ ఊళ్ళను ఇప్పటికీ కలిపే ఉంచుతున్నాయి.

2. అనుబంధ సిద్ధాంతం పుట్టిన కాలం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేసరికి యూరప్‌లో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలు, యుద్ధ భయంతో ఇళ్ళ నుంచి దూరంగా పంపబడిన పిల్లలు లక్షల సంఖ్యలో ఉన్నారు. వారి పరిస్థితిని అధ్యయనం చేసే బాధ్యతను ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రిటన్‌కు చెందిన వైద్యుడు జాన్ బౌల్బీకి అప్పగించింది. ఆయన నివేదిక 1951లో వెలువడింది. తిండి, బట్ట ఉన్నంత మాత్రాన పసిబిడ్డ మానసికంగా ఎదగదని, తల్లితో గాని, తల్లి స్థానంలో స్థిరంగా ఉండే మరొకరితో గాని ఆత్మీయమైన, తెంపులేని సంబంధం కావాలని ఆయన చెప్పాడు. తరువాత 1969, 1973, 1980 సంవత్సరాల్లో వెలువడిన మూడు సంపుటాల్లో ఈ భావనను పూర్తి సిద్ధాంతంగా విస్తరించాడు.

బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో ఒంటరిగా ఉంచిన రెండేళ్ళ పాప గురించి 1952లో ఒక చిత్రం తీశాడు. అలా విడిపోయిన పిల్లలు మొదట ఏడ్చి గొడవ చేస్తారని, తరువాత నీరసించి దిగులు పడతారని, చివరికి ఏమీ పట్టనట్టు మారిపోతారని వీరి పరిశీలనల్లో తేలింది. ఈ మూడవ దశను పెద్దలు 'అలవాటు పడింది' అని పొరబడతారు. ఈ విషయాన్ని మీరు గుర్తుంచుకోండి. వలస గురించి చదివేటప్పుడు ఇది మళ్ళీ అవసరమవుతుంది.

బౌల్బీ సిద్ధాంతానికి విమర్శలు కూడా వచ్చాయి. యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన స్త్రీలను తిరిగి ఇళ్ళకు పంపడానికి ఈ వాదన అక్కరకు వచ్చిందని స్త్రీవాదులు విమర్శించారు. ఒకే తల్లి, ఒకే బిడ్డ అనే చిత్రం పాశ్చాత్య నగర కుటుంబానిదే తప్ప ప్రపంచమంతటిదీ కాదని మానవ శాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ వాదించారు. 1964లో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది శిశువులను గమనించారు. ఏడాదిన్నర వయస్సు వచ్చేసరికి ఎక్కువమంది పిల్లలు ఒకరికంటే ఎక్కువమందితో అనుబంధం పెంచుకున్నారని, అన్నం పెట్టేవారే ప్రతిసారీ అందరికంటే ప్రియమైనవారు కాలేదని వారు కనుగొన్నారు. పిలిస్తే పలికేవారు, ఏడిస్తే స్పందించేవారు, ఆడించేవారు బిడ్డకు దగ్గరయ్యారు.

మేరీ ఐన్స్‌వర్త్ 1950లలో ఉగాండాలోని గ్రామాల్లో తల్లీబిడ్డలను ఇళ్ళలోనే పరిశీలించింది. ఆమె ఇచ్చిన ముఖ్యమైన భావన 'భద్రమైన ఆధారం'. బిడ్డ తనకు నమ్మకమైన మనిషి దగ్గర నుంచి కొంత దూరం వెళ్ళి లోకాన్ని చూసి, భయం వేస్తే తిరిగి వస్తుంది. ఆ మనిషి ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకమే బిడ్డకు ధైర్యం. ఇక మన ప్రాంతంలో ఆ 'భద్రమైన ఆధారం' ఎవరో చూద్దాం.

3. పిలుపుల్లో దాగిన చరిత్ర

లిఖిత ఆధారాలు లేని చోట భాషే ఆధారమవుతుంది. మీ ఇంట్లో రోజూ వాడే పిలుపులను ఒకసారి గమనించండి. తల్లి అక్క 'పెద్దమ్మ', తల్లి చెల్లెలు 'చిన్నమ్మ' లేదా 'పిన్ని'. తండ్రి అన్న 'పెదనాన్న', తమ్ముడు 'చిన్నాన్న' లేదా 'బాబాయి'. పెద్దమ్మ, చిన్నమ్మ అనే మాటల్లో అమ్మ ఉంది. పెదనాన్న, చిన్నాన్నల్లో నాన్న ఉన్నాడు. వీరి పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. అదే మేనమామ, మేనత్తల పిల్లలయితే బావలు, మరదళ్ళు, వదినలు. వీరితో పెళ్ళి సంబంధం కుదుర్చుకోవచ్చు. అందుకే తల్లి సోదరుడినీ, పిల్లనిచ్చిన మామనూ 'మామ' అనే అంటాం. తండ్రి సోదరినీ, భర్త తల్లినీ 'అత్త' అనే అంటాం.

అమెరికాకు చెందిన లూయీ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రచురించిన బంధుత్వ అధ్యయనంలో తమిళ, కన్నడ పదాలతో పాటు తెలుగు పదాలనూ చేర్చాడు. 1953లో ఇరావతీ కార్వే ఉత్తర, దక్షిణ భారత కుటుంబాలను పోల్చింది. 1981లో థామస్ ట్రౌట్‌మన్ ద్రావిడ బంధుత్వంపై సమగ్ర గ్రంథం వెలువరించాడు. ఉత్తర భారతంలో చాలాచోట్ల ఆడపిల్లను ముక్కూమొహం తెలియని దూరపు ఊరికి ఇస్తారు. దక్షిణాదిలో, మేనరికం వల్ల, అత్తవారిల్లు తరచుగా తెలిసిన ఇల్లే అవుతుంది. ఈ తేడా కార్వే పరిశీలనలో కీలకమైనది.

పిల్లల అనుబంధం దృష్ట్యా దీని ఫలితం ఏమిటి? మొదటి కాన్పుకు కూతురిని పుట్టింటికి తీసుకురావడం మన ఆచారం. బిడ్డ కళ్ళు తెరిచేది అమ్మమ్మ ఇంట్లో. మొదటి నెలల్లో నీళ్ళు పోసేది, కాళ్ళమీద వేసుకుని నలుగు పెట్టేది ఎక్కువగా అమ్మమ్మే. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు, చెవులు కుట్టించేటప్పుడు బిడ్డ కూర్చునేది మేనమామ ఒడిలో. నల్లజర్ల ప్రాంతం వారు ఈ మొక్కును ద్వారకా తిరుమలలో తీర్చుకోవడం మామూలు. ఇటువంటి ఆచారాలను కేవలం వేడుకలుగా చూడకండి. 'ఈ బిడ్డకు మేమూ ఉన్నాం' అని నలుగురి ముందు ఒప్పుకోవడం వాటి అసలు అర్థం. తల్లికి ఏమైనా అయితే బిడ్డను ఎవరు తీసుకోవాలన్న ప్రశ్నకు సమాజం ముందుగానే ఇచ్చుకున్న సమాధానం అది.

1955 హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిని నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. అందువల్ల మేనరికం చట్టబద్ధంగానే కొనసాగింది. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిళ్ళ వల్ల కొన్ని వంశపారంపర్య వ్యాధుల ముప్పు పెరుగుతుందని వైద్యులు హెచ్చరించడం, చదువులు, ఉద్యోగాలు సంబంధాల పరిధిని పెంచడం వల్ల ఇప్పుడు మేనరికాలు తగ్గుముఖం పట్టాయి.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
అ) 'అలవాటు పడింది' అని పెద్దలు పొరబడే దశ ఏది?
ఆ) 'పెద్దమ్మ', 'చిన్నాన్న' అనే పదాలు పిల్లల పెంపకం గురించి ఏమి సూచిస్తున్నాయి?

4. పాత కుటుంబం: అందులోని ఊరట, దాని మూల్యం

ఇంతవరకు చదివిన తరువాత 'పాతకాలపు ఉమ్మడి కుటుంబమే మేలు' అనిపించవచ్చు. చరిత్ర విద్యార్థి ఇక్కడే ఆగి ఆలోచించాలి.

మొదటి విషయం, మరణం. 20వ శతాబ్దం తొలి దశకాల్లో భారతదేశంలో పుట్టిన ప్రతి 1,000 మంది శిశువుల్లో సుమారు 200 మంది ఏడాది నిండకముందే చనిపోయేవారు. పిల్లలు ఇంతగా చనిపోయే సమాజాల్లో తల్లిదండ్రులు మనస్సు గట్టి చేసుకుని వారిని అంతగా ప్రేమించేవారు కాదని యూరప్ చరిత్రకారులు కొందరు వాదించారు. 1970లలో ఎడ్వర్డ్ షార్టర్, లారెన్స్ స్టోన్ వంటివారి వాదన ఇదే. 1983లో లిండా పొలాక్ డైరీలు, ఆత్మకథలు పరిశీలించి దీన్ని తోసిపుచ్చింది. తెలుగు దేశంలో డైరీలు తక్కువ. కానీ పేర్లు ఉన్నాయి. వరుసగా బిడ్డలు పోయిన ఇంట్లో, తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీదనో, ఎంగిలి విస్తరిలోనో ఒక్క క్షణం ఉంచి తీసి పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, పుల్లమ్మ అని పేరు పెట్టేవారు. మృత్యువు ఈ బిడ్డను పనికిరానిదిగా తలచి వదిలేయాలని ఆశ. ప్రేమ లేనివారు ఇలాంటి ఉపాయాలు వెతకరు. ఒక చిన్న పేరు ఒక పెద్ద సిద్ధాంతాన్ని ఎలా ప్రశ్నించగలదో గమనించండి.

రెండవ విషయం, తల్లి వయస్సు. ఆడపిల్లకు పదేళ్ళలోపు పెళ్ళి చేసే ఆచారం కొన్ని కులాల్లో బలంగా ఉండేది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన పోరాడింది ఈ బాల్యవివాహాల ఫలితంతోనే. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్లల కనీస వివాహ వయస్సును 14గా నిర్ణయించి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 1978లో దాన్ని 18కి పెంచారు. పద్నాలుగు, పదిహేనేళ్ళకు తల్లి అయిన పిల్ల తానే ఇంకా అమ్మ కోసం బెంగపడే వయస్సులో ఉంటుంది. అటువంటి ఇంట్లో బిడ్డ నాయనమ్మకో, అమ్మమ్మకో చేరువయ్యేది. పెద్ద కుటుంబం మంచితనం ఒక్కటే దానికి కారణం కాదు. కన్నతల్లికి ఆ ఇంట్లో వయస్సు, తీరిక, అధికారం మూడూ ఉండేవి కావు. అత్త ముందు తన బిడ్డను తాను ముద్దు చేయడానికి కోడలు జంకే ఇళ్ళు ఎన్నో ఉండేవి.

మూడవ విషయం, పెద్ద కూతురి బాల్యం. చంకలో తమ్ముణ్ణో, చెల్లెల్నో ఎత్తుకుని తిరిగే ఆరేడేళ్ళ అక్క మన ఊళ్ళలో తరతరాలుగా కనిపించిన దృశ్యం. ఆ తమ్ముడికి అక్క రెండవ తల్లి. కానీ అక్కకు బడి లేదు. ఒక బిడ్డ భద్రత మరొక బిడ్డ చదువును మింగింది. దేవకి, యశోదల కథ తెలిసిన మన సమాజం కన్నతల్లి, పెంచినతల్లి అని ఇద్దరు తల్లులను గౌరవించింది. పెంచిన అక్కకు మాత్రం ఏ బిరుదూ ఇవ్వలేదు.

ఇదే కాలంలో పిల్లల పట్ల కొత్త చూపు కూడా మొదలయింది. పాఠశాలల పర్యవేక్షణాధికారిగా పనిచేసిన గుడిపాటి వెంకటచలం 'బిడ్డల శిక్షణ' అనే పుస్తకం రాసి, కొట్టి భయపెట్టి పెంచే పద్ధతిని తీవ్రంగా విమర్శించాడు. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడంతో బాలల విద్యపై ఆసక్తి దక్షిణాదిలో పెరిగింది. పిల్లవాడు ఇంటికి చేదోడు మాత్రమే కాదు, తనకంటూ మనస్సున్న మనిషి అనే భావన చదువుకున్న తెలుగు ఇళ్ళలోకి ఇలా నెమ్మదిగా ప్రవేశించింది.

5. నేల, నీరు, పని

అనుబంధం ఏర్పడాలంటే సమయం కావాలి. సమయాన్ని నిర్ణయించేది పని. పనిని నిర్ణయించేది నేల.

1830లలోని కరువులు, తుపానులతో గోదావరి ప్రాంతం చితికిపోయింది. ఆ తరువాత ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు నీరిచ్చింది. కాలువ పారిన చోట వరి, నిలకడ, సంపద వచ్చాయి. కాలువ అందని నల్లజర్ల వంటి మెట్ట ఊళ్ళు వర్షం మీద, చెరువుల మీద, తరువాత బోరు బావుల మీద ఆధారపడ్డాయి. ఊడ్పులు, కోతల కాలంలో మెట్ట నుంచి కూలీలు డెల్టాకు దిగడం అలవాటయింది. చంటిబిడ్డ అయితే తల్లితో పాటు వెళ్ళి గట్టు మీద చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో ఉండేది. పాలు మానిన బిడ్డ ముసలివాళ్ళ దగ్గర ఉండిపోయేది.

వర్జీనియా పొగాకు ఈ మెట్టకు వచ్చిన తరువాత పని స్వరూపం మారింది. ఆకు కోయడం, కర్రలకు కట్టడం, బ్యారన్‌లో కాల్చడం, గ్రేడింగ్ చేయడం వంటి పనుల్లో ఆడవారి చేతులే ఎక్కువ. ఆ సీజన్‌లో పొద్దున వెళ్ళిన తల్లి చీకటి పడ్డాక వస్తుంది. ఇటీవలి దశాబ్దాల్లో ఆయిల్‌పామ్ తోటలు విస్తరించాయి. ఏలూరు దగ్గర పెదవేగిలో జాతీయ స్థాయి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉండటానికి కారణం ఈ ప్రాంత ప్రాముఖ్యమే. పొగాకుతో పోలిస్తే ఆయిల్‌పామ్ తోటకు తక్కువ మంది కూలీలు చాలు. తల్లికి తీరిక దొరికిందని దీని అర్థం కాదు. ఊళ్ళో పని తగ్గిన తల్లి వేరే ఊళ్ళో పని వెతుక్కోవలసి వచ్చింది.

కొల్లేరు పరిస్థితి వేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే ఈ మంచినీటి సరస్సు చుట్టూ లంక గ్రామాల్లో చేపల వేటే బతుకు. వేటకు మగవారు, అమ్మకానికి ఆడవారు బయలుదేరితే పిల్లలు వాడలోని పెద్దల కళ్ళముందు పెరిగేవారు. తరువాత చేపల చెరువులు వచ్చి సరస్సును ఆక్రమించాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో అభయారణ్యంలోని చెరువులను ప్రభుత్వం పెద్దఎత్తున తొలగించింది. పర్యావరణ దృష్టితో చూస్తే ఇది అవసరమైన చర్య. చెరువుల మీద బతికే కుటుంబాలకు మాత్రం ఉపాధి ఒక్కసారిగా పోయింది. పని వెతుక్కుంటూ పెద్దలు ఊరు వదిలితే పిల్లలను వెంట తీసుకెళ్ళాలా, వదిలి వెళ్ళాలా అన్న ప్రశ్న ఇంటింటికీ వస్తుంది. సరస్సు చరిత్రను రాసేటప్పుడు పక్షుల లెక్క, ఎకరాల లెక్కతో పాటు ఈ ప్రశ్ననూ లెక్కలోకి తీసుకోవాలి.

6. చట్టం దృష్టిలో బిడ్డ

1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి. అయితే అయిదేళ్ళలోపు బిడ్డ సాధారణంగా తల్లి వద్దనే ఉండాలని అదే చట్టం చెప్పింది. అంటే పసితనంలో తల్లి స్పర్శ అవసరమని ఒప్పుకుంటూ, అధికారాన్ని తండ్రికి ఇచ్చింది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు, తండ్రి 'తరువాత' అంటే తండ్రి మరణించిన తరువాతే అని కాదని, తండ్రి బాధ్యత వహించని పరిస్థితుల్లో కూడా తల్లి సంరక్షకురాలు కాగలదని వివరించింది.

1961 ప్రసూతి ప్రయోజన చట్టం ఉద్యోగినికి 12 వారాల వేతన సెలవు ఇచ్చింది. 2017లో దాన్ని 26 వారాలకు పెంచారు. ఆఫీసులో పనిచేసే తల్లికి దొరికే ఈ ఆరు నెలలు పొగాకు తోటలో ఆకు కట్టే తల్లికి దొరకవు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద అంగన్‌వాడీలు వచ్చాయి. పౌష్టికాహారం, టీకాలు, ఆటపాటలు అందుతున్నా, కూలికి వెళ్ళే తల్లి పని గంటలన్నిటికీ అంగన్‌వాడీ గంటలు సరిపోవు. మిగిలిన గంటలు ఇప్పటికీ అమ్మమ్మ, నాయనమ్మలవే.

7. గల్ఫ్ వలస: రెండుసార్లు విడిపోయే బిడ్డ

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు పెరిగాయి. ఉభయ గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి కువైట్ వంటి దేశాలకు ఇంటిపని కోసం స్త్రీలు వెళ్ళడం తెలుగు వలస చరిత్రలో ప్రత్యేకమైన అధ్యాయం. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో స్వదేశానికి తీసుకువచ్చారు. యుద్ధం ముగిశాక వలస మళ్ళీ మొదలయింది.

స్త్రీల రక్షణ కోసం భారత ప్రభుత్వం, ఇటువంటి దేశాలకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి కనీసం 30 ఏళ్ళు ఉండాలని నిబంధన పెట్టింది. ఉద్దేశం మంచిదే. ఫలితాన్ని కూడా ఆలోచించండి. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళకు పెళ్ళయ్యే ప్రాంతంలో ముప్ఫై ఏళ్ళ స్త్రీ అంటే దాదాపుగా బడి వయస్సు పిల్లల తల్లి. కాబట్టి చట్టబద్ధంగా వెళ్ళేవారిలో తల్లులే ఎక్కువగా ఉంటారు. ఆమె అక్కడ మరొకరి పిల్లలకు అన్నం తినిపిస్తుంది. ఆమె పిల్లలకు ఇక్కడ అమ్మమ్మ తినిపిస్తుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోష్‌చైల్డ్ 2000లో దీన్ని 'ప్రపంచ సంరక్షణ గొలుసు' అని వర్ణించింది. ఫిలిప్పీన్స్ తల్లుల అనుభవం కూడా ఇదే. గొలుసు చివరి కొస ఎప్పుడూ ఒక పల్లెటూరి ముసలామె చేతిలో ఉంటుంది. ఆమె శ్రమకు ఎవరూ జీతం కట్టరు.

ఇక్కడ అనుబంధ సిద్ధాంతం మనకు ఎలా సాయపడుతుంది? కాంట్రాక్టు పూర్తయి సెలవుకు వచ్చిన తల్లి దగ్గరకు బిడ్డ రాకపోవచ్చు. అమ్మమ్మ కొంగు పట్టుకుని దాక్కోవచ్చు. దీన్ని చూసి 'డబ్బు కోసం బిడ్డను పోగొట్టుకుంది' అని ఊరు అనడం సులభం. ఆ బిడ్డ ప్రవర్తనకు రెండు అర్థాలున్నాయి. విడిపోయిన తరువాత సరైన ఆదరణ దొరకని బిడ్డ అయితే, అది రాబర్ట్‌సన్ చెప్పిన మూడవ దశ కావచ్చు. అమ్మమ్మ దగ్గర స్థిరంగా పెరిగిన బిడ్డ అయితే, అది గాయం కాదు. ఆ బిడ్డకు భద్రమైన ఆధారం ఉంది, అది అమ్మమ్మ. అంతే.

ఎవరూ పెద్దగా పట్టించుకోని కష్టం ఆ తరువాత వస్తుంది. తల్లి శాశ్వతంగా తిరిగి వచ్చి, కొత్త ఇల్లు కట్టుకుని, బిడ్డను అమ్మమ్మ ఊరి నుంచి తీసుకెళుతుంది. అందరికీ అది పండుగ. బిడ్డకు మాత్రం అది రెండవ వియోగం. మొదటిసారి అమ్మ దూరమయింది, రెండవసారి అమ్మమ్మ. పెంచిన అమ్మమ్మకూ అది వియోగమే. ఈ సంగతి తెలిసిన కుటుంబం బిడ్డను ఒక్కసారిగా విడదీయదు. కొన్నాళ్ళు ముగ్గురూ కలిసి ఉంటారు, సెలవులకు అమ్మమ్మ ఇంటికి పంపుతారు, 'మీ అమ్మ నీకోసమే వెళ్ళింది' అని అమ్మమ్మ నోటితోనే చెప్పిస్తారు. దూరంగా ఉన్న మనిషి గురించి దగ్గరున్న మనిషి ఎలా మాట్లాడుతుందన్నది పిల్లల అనుబంధంలో చాలా ముఖ్యమైన విషయం. నాయనమ్మ రోజూ కోడలిని నిందిస్తే, ఎంత డబ్బు వచ్చినా, ఎన్ని వీడియో కాల్స్ చేసినా ఆ లోటు తీరదు.

వలస తొలి దశాబ్దాల్లో ఉత్తరాలు, మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు, తరువాత ఎస్‌టీడీ బూతులు, ఇప్పుడు సెల్‌ఫోన్ వీడియోలు తల్లీబిడ్డలను కలుపుతున్నాయి. పెద్ద పిల్లలకు ఇవి నిజంగా ఆసరా. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తెర మీది ముఖం ఒడి కాలేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
అ) కనీస వయస్సు నిబంధనకు, వలస వెళ్ళే స్త్రీలలో తల్లులు ఎక్కువగా ఉండటానికి సంబంధం ఏమిటి?
ఆ) 'రెండవ వియోగం' అంటే ఏమిటి?

8. చిన్న కుటుంబం: సన్నబడిన వల

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి పుట్టే సగటు పిల్లల సంఖ్య 1992–93లో 2.6. 2019–21 నాటికి అది 1.7కి తగ్గింది. శిశుమరణాలు ప్రతి 1,000 జననాలకు 30 స్థాయికి దిగాయి. ఇది గొప్ప విజయం. పుల్లయ్య, పెంటమ్మ అనే పేర్లు ఇప్పుడు పెట్టేవారు దాదాపు లేకపోవడానికి కారణం ఇదే.

అయితే ఈ లెక్కను బంధుత్వ పదాలతో కలిపి చూడండి. ఇద్దరే పిల్లలున్న ఇంట్లో ఒక కొడుకు, ఒక కూతురు ఉంటే వారి పిల్లలకు పెద్దమ్మ, పిన్ని, పెదనాన్న, బాబాయి అనే వారు పుట్టింటి వైపు గాని మెట్టినింటి వైపు గాని ఉండకపోవచ్చు. ఒకే సంతానమయితే ఆ తరువాతి తరానికి మేనమామ, మేనత్త కూడా ఉండరు. భాషలో పదం ఉంటుంది, ఇంట్లో మనిషి ఉండదు. ఒకప్పుడు పదిమంది పట్టుకున్న వలలో పడిన బిడ్డను ఇప్పుడు ఇద్దరో ముగ్గురో పట్టుకుంటున్నారు. ప్రతి ఒక్కరి మీదా బరువు పెరిగింది. ఒక్కరు దూరమయినా లోటు పెద్దగా తెలుస్తుంది.

దీనితో పాటు గురుకులాలు, హాస్టళ్ళు వచ్చాయి. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల విద్య ఎందరో పేద పిల్లలకు దారి చూపింది. కుటుంబం ఇవ్వలేని చదువును హాస్టల్ ఇచ్చింది. అయితే మార్కుల కోసమే చిన్న వయస్సులో పిల్లలను దూరపు ప్రైవేటు హాస్టళ్ళలో ఉంచే ధోరణి వేరు. అక్కడ 'నీకు ఏమయింది?' అని అడిగే ఒక స్థిరమైన మనిషి ఉన్నారా, లేరా అన్నదే అసలు ప్రశ్న. భోజనం, బడి, భవనం ఆ ప్రశ్నకు సమాధానం కావు. 1951లో బౌల్బీ చెప్పిన మాట ఇక్కడికి కూడా వర్తిస్తుంది.

9. మీరు చేయదగిన పని

కుటుంబ చరిత్రకు ఆధారాలు ఆర్కైవుల్లో కంటే ఇళ్ళలోనే ఎక్కువ. మీ ఇంట్లో మూడు తరాల వారిని, ముఖ్యంగా స్త్రీలను, ఈ ప్రశ్నలు అడగండి. చిన్నప్పుడు జ్వరం వస్తే మీ పక్కన కూర్చున్నది ఎవరు? భయం వేస్తే ఎవరి దగ్గరకు వెళ్ళేవారు? తమ్ముళ్ళను, చెల్లెళ్ళను పెంచడం కోసం మీరు బడి మానేశారా? మీ తల్లి పనికి వెళ్ళినప్పుడు మీరెక్కడ ఉన్నారు? జవాబులను తరాల వారీగా పట్టికలో రాయండి. పక్కనే ఆ కాలంలో కుటుంబం చేసిన పని, భూమి, వలస వివరాలు రాయండి. రెండు వరుసలను పోల్చితే ఈ భాగంలో చెప్పిన విషయాలు మీ ఇంటికి ఎంతవరకు వర్తిస్తాయో మీకే తెలుస్తుంది. వర్తించని చోట ఎందుకు వర్తించలేదో రాయడం ఇంకా ముఖ్యం.

అడిగేటప్పుడు రెండు జాగ్రత్తలు పాటించండి. జ్ఞాపకం గతాన్ని తీపి చేస్తుంది, కాబట్టి ఒకే విషయాన్ని ఇద్దరిని అడగండి. కొన్ని జ్ఞాపకాలు నొప్పి కలిగిస్తాయి, కాబట్టి చెప్పడానికి ఇష్టపడనివారిని బలవంతం చేయకండి.

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూనో, పిల్లలను పెంచుతూనో దూరవిద్య ద్వారా చదువుతున్నారు. మీరు పరీక్ష రాసే రోజున మీ బిడ్డను ఎవరు చూసుకుంటారో, వారి పేరు కూడా ఆ పట్టికలో చేర్చండి.

10. సారాంశం

ఎవరినో ఒకరిని నమ్ముకుని ఎదగడం ప్రతి బిడ్డకూ సహజం. ఆ ఒకరు ఎవరన్నది మాత్రం చరిత్ర నిర్ణయిస్తుంది. తెలుగు బంధుత్వం బిడ్డకు తల్లితో పాటు అమ్మమ్మ, మేనమామ, పెద్దమ్మ, పిన్నిలను అందించింది. అదే వ్యవస్థ బాల్యవివాహాన్ని, కోడలి అణకువను, పెద్దకూతురి చదువును మూల్యంగా తీసుకుంది. డెల్టా ఊడ్పులు, మెట్ట పొగాకు, కొల్లేరు చెరువులు, కువైట్ ఇళ్ళు తల్లి సమయాన్ని వివిధ కాలాల్లో వివిధంగా పంచుకున్నాయి. చిన్న కుటుంబం పిల్లల ప్రాణాన్ని కాపాడింది, బంధువుల సంఖ్యను తగ్గించింది. దూరమైన తల్లిని నిందించడం కంటే, దగ్గరున్న మనిషి స్థిరంగా ఉన్నారా అని చూడడం బిడ్డకు మేలు చేస్తుంది.

ముఖ్య పదాలు

అనుబంధం: శిశువుకు, తనను ఆదరించే మనిషికి మధ్య ఏర్పడే స్థిరమైన మానసిక బంధం.
భద్రమైన ఆధారం: భయం వేసినప్పుడు తిరిగి చేరుకోవచ్చునని బిడ్డ నమ్మే మనిషి.
మేనరికం: మేనమామతో గాని, మేనమామ, మేనత్తల పిల్లలతో గాని జరిగే వివాహం.
సంరక్షణ గొలుసు: వలస వెళ్ళిన స్త్రీ ఇతరుల పిల్లలను పెంచుతుండగా ఆమె పిల్లలను మరొక స్త్రీ పెంచే పరిస్థితి.

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తెలుగు బంధుత్వ పదాలు, ఆచారాలు పిల్లల పెంపకం గురించి ఏమి తెలియజేస్తున్నాయో వివరించండి.
2. మెట్ట, డెల్టా, కొల్లేరు ప్రాంతాల ఆర్థిక మార్పులు కుటుంబ సంబంధాలను ఎలా ప్రభావితం చేశాయో చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జాన్ బౌల్బీ సిద్ధాంతంపై వచ్చిన విమర్శలను పేర్కొనండి.
2. శిశుమరణాలకు, తల్లిదండ్రుల ప్రేమకు ఉన్న సంబంధంపై చరిత్రకారుల వాదనలను పేర్లు పెట్టే ఆచారం ఆధారంగా పరిశీలించండి.
3. గల్ఫ్ వలస వల్ల పిల్లలకు కలిగే 'రెండవ వియోగం' గురించి రాయండి.